కొత్తగా చేరినవారికి ఎవరు చెబుతారు? – మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాట్సాప్ గ్రూపుల గురించే. ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి, బరంపురం, జయపురం నుంచీ, అటు మహారాష్ట్రలోని చంద్రపూర్, సిరొంచ నుంచీ తెలుగువాళ్ల గ్రూపులు నడిపేవారూ, వాటిలో కొత్తగా చేరినవారూ రాశారు. ఒకే సంగతిని ఇద్దరు ముగ్గురు అడిగిన చోట ఒకటిగా కలిపాం.

ప్రశ్న: మా ఊరి తెలుగువాళ్ల గ్రూపులో 340 మందిమి ఉన్నాం. కొత్తగా ఎవరు చేరినా మర్నాటి నుంచే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు, స్వామీజీల వీడియోలు, విశాఖలో ప్లాట్ల ప్రకటనలు మొదలు. నిబంధనలు జనవరిలోనే పెట్టాం. ఒక్కరూ చదవరు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటే ఇదే కాదూ? (రాయగడ)

సామెత సంగతి అలా ఉంచండి, పొరపాటు మీ వైపే ఉంది. ఒకరు చేరకముందు గ్రూపులో నడిచిన మాటలు, ఎవరో పనిగట్టుకుని పంపితే తప్ప, ఆ మనిషికి కనిపించవు. మీరు జనవరిలో పెట్టిన నిబంధనలు జూన్‌లో చేరినాయన దృష్టిలో లేనట్టే లెక్క. ఆయన వేరే గ్రూపుల్లో చూసిన అలవాటే ఇక్కడికీ తెచ్చాడు.

నిబంధనలు మూడు చోట్ల ఉండాలి. గ్రూపు పేరు మీద నొక్కితే కనిపించే వివరణలో ఒకసారి. పైన పిన్ చేసిన మెసేజ్‌లో ఒకసారి. చేరిన రోజే ఒక అడ్మిన్ విడిగా పంపే పలకరింపులో ఒకసారి. పిన్ దగ్గరే చాలా గ్రూపులు బోల్తా పడతాయి. ఒకేసారి మూడు మెసేజ్‌ల దాకా పిన్ చేయవచ్చు కానీ గడువు 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు, వీటిలో ఏదో ఒకటే. 30 రోజులు నిండగానే అది దానంతటదే ఊడిపోతుంది, ఎవరూ గమనించరు. ప్రతి నెలా 1వ తేదీన మళ్లీ పిన్ చేసే పని ఫలానా అడ్మిన్‌ది అని పేరు పెట్టి అప్పజెప్పండి.

ఇక నిబంధనలు 22 ఉంటే చదవకపోవడం న్యాయమే. ఇలా ఆరు వాక్యాలు చాలు:

"ఇది రాయగడ చుట్టుపక్కల తెలుగువారి అవసరాలకు, కబుర్లకు. శుభోదయాలు, ఫార్వర్డులు వద్దు. అమ్మకాలు, అద్దెల ప్రకటనలు ఆదివారం మాత్రమే, మనిషికి ఒకటి. రాజకీయాలు, కులాల ఊసు వద్దు. రాత్రి 9:30 నుంచి పొద్దున 6:30 దాకా అత్యవసరమైతేనే. సందేహం ఉంటే అడ్మిన్‌లను విడిగా అడగండి."

ప్రకటనలకు ఆదివారం ఇవ్వడం చూశారా? అసలే వద్దన్నవాడు దొంగచాటుగా పెడతాడు, ఆదివారం పెట్టుకో అన్నవాడు ఆదివారం దాకా ఆగుతాడు. "వద్దు"లతో నిండిన పట్టీలో కనీసం ఒక్క "ఇక్కడ చేయొచ్చు" ఉండాలి.

సెట్టింగ్స్‌లో కొత్త సభ్యులను అడ్మిన్ ఆమోదించాకే రానిచ్చే మీట ఉంది. దాన్ని ఆన్ చేయండి. ఆపైన మా సలహా ఇంకొకటి: వచ్చిన అర్జీలను రోజూ ఒక్కొక్కటిగా కాక, శనివారం సాయంత్రం అయిదారుగురిని కలిపి ఆమోదించండి. దీని వెనక పాత కథ ఉంది. ఇంటర్నెట్ తొలిరోజుల్లో యూజ్‌నెట్ అనే చర్చావేదికలోకి ఏటా సెప్టెంబరులో అమెరికా విశ్వవిద్యాలయాల కొత్త విద్యార్థులు వచ్చి పడేవారు. కొన్నాళ్లు గోల, ఆ తర్వాత వాళ్లూ పద్ధతికి వచ్చేవారు. 1993 తర్వాత ఇళ్ల నుంచి చేరేవారి వరద మొదలై ఇక ఆగలేదు. నేర్పేవాళ్లకంటే వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. పాతకాపులు దానికి "ముగియని సెప్టెంబరు" అని పేరు పెట్టారు. మీ 340 మందిలో నేర్పే ఓపిక ఉన్నవాళ్లు పదిమంది ఉంటారేమో. వాళ్లు ఎందరిని చూసుకోగలరో అందరినే రానివ్వండి.

స్వాగతాల గోల కూడా కొత్తవారి తప్పు కాదు. ఒక్క మనిషి చేరితే నలభై పూలగుత్తులు! ఒక అడ్మిన్ స్వాగతం రాస్తే మిగతావాళ్లు దాని మీదే బొటనవేలి గుర్తు నొక్కితే సరిపోతుంది, అందరి ఫోన్లూ మోగవు. కొత్తవారిని పేరు, ఊరు, ఎవరి ద్వారా వచ్చారు, ఈ మూడే అడగండి. ఆధార్ నకలు గ్రూపులో పెట్టమని అడిగే సంఘాలున్నాయని విన్నాం. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

ప్రశ్న: కొత్తగా చేరిన కుర్రాళ్లు తెలుగు మాటలను ఒడియా అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాస్తున్నారు. "తెలుగు రాయడం రానివాళ్లకు తెలుగు గ్రూపెందుకు" అని పెద్దలు కోప్పడుతున్నారు. ఎవరిది సబబు? (పర్లాకిమిడి)

కుర్రాళ్లదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యాక ఇటు మిగిలిన ఇళ్లలో మాట తెలుగే, బడిలో అక్షరాలు ఒడియావి. అమ్మతో తెలుగులో మాట్లాడి, పరీక్ష ఒడియాలో రాసిన పిల్లకు తెలుగు రాదని ఎలా అంటారు? రానిది లిపి. సిరొంచ, ధర్మాబాద్ వైపు ఇదే పని దేవనాగరి చేస్తోంది.

అయితే చిక్కులు లేకపోలేదు. అవి ఎక్కడ వస్తాయో తెలిస్తే కోపం తగ్గుతుంది. ఒడియా లిపిలో, దేవనాగరిలో మన ఎ–ఏ, ఒ–ఓ తేడా చూపే వాడుక అక్షరాలు లేవు. అందుకని "మెడ" రాసినా "మేడ" రాసినా ఒకేలా ఉంటుంది. అత్తగారికి మెడ పట్టేసిందో, మేడ కట్టేశారో చదివేవాడే పోల్చుకోవాలి. పైగా ఒడియాలో గుణింతం లేని అక్షరం చివర "అ"కు బదులు "ఒ"కు దగ్గరి పలుకు వస్తుంది. ఒడియా అక్షరాల్లో రాసిన "అమ్మ"ను ఆ అలవాటుతో చదివితే "ఒమ్మొ" అవుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో తంటా వేరు. పది, పడి, పాది, పాడి, నాలుగింటికీ స్పెల్లింగ్ ఒక్కటే. చందా "పది వేలు" అని రాస్తే చదివినవాడు ఎక్కడ పడిందో వెతుక్కుంటాడు.

కాబట్టి కబుర్లలో ఏ లిపైనా సరే అనండి. ప్రకటనలకు మాత్రం పద్ధతి పెట్టండి: తేదీ, టైము, డబ్బు ఎప్పుడూ 1, 2, 3 అంకెల్లోనే, ఒడియా అంకెలూ తెలుగు అంకెలూ వద్దు. ముఖ్యమైన ప్రకటన తెలుగు లిపిలో పెట్టి, అదే మాటను నిమిషం దాటకుండా వాయిస్ మెసేజ్‌గా చదివి పెట్టండి. లిపి రాని కోడలికీ, కళ్లజోడు దొరకని తాతగారికీ అదే ఆధారం.

తెలుగు లిపి రాయాలని ఉన్నవారికి దారులు తేలికవే. ఫోన్‌లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) ఉంటే దాని సెట్టింగ్స్‌లో భాషలు, ఆ తర్వాత కీబోర్డ్ చేర్చు, అక్కడ తెలుగు. దానిలోనే ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు పడే రకం ఒకటుంది, దాన్ని ఎంచుకోవాలి. మైకు గుర్తు నొక్కి మాట్లాడినా తెలుగు పడుతుంది. కాకపోతే మన సరిహద్దు యాస మాటలను మైకు ఏవేవో చేసేస్తుంది, పంపేముందు ఒకసారి చదువుకోవాలి. ఒడియా అక్షరాల్లో ఉన్నదాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చి చదువుకోవాలంటే అక్షరముఖ అనే ఉచిత సాధనం ఉంది. అతికిస్తే లిపి మారుతుంది. పైన చెప్పిన మెడ–మేడ చిక్కును మాత్రం అదీ విప్పలేదు.

ఇంకొక్కటి. ఎవరి అక్షర దోషాన్నీ గ్రూపులో దిద్దకండి. పెద్దాయన ఒకసారి "ళ" దిద్దితే ఆ పిల్ల మరో ఏడాది ఏమీ రాయదు. ఆ ఏడాది ఆమె ఇంట్లో ఏ అవసరం వచ్చినా గ్రూపుకు తెలియదు.

ప్రశ్న: కొత్తగా చేరిన అబ్బాయి అరవయ్యేళ్ల మాస్టారిని "నువ్వు" అన్నాడు. పెద్ద రభస అయింది. (బరంపురం)

ఆ అబ్బాయి ఎక్కడివాడో ముందు కనుక్కోండి. గడ్చిరోలి, నాందేడ్ వైపు తెలుగు తెలంగాణ మాట. అక్కడ "ఏం కాకా, బాగున్నవా?" అనడంలో అగౌరవం రవ్వంతైనా లేదు, చనువే ఉంది. మీ వైపూ ఇలాంటిదే ఉంది. ఒడియాలో పేరు చివర "బాబు" చేరిస్తే గౌరవం, బిజూ బాబు అన్నట్టు. అదే అలవాటుతో ఇటు పిల్లలు తెలుగులోనూ పెద్దవాళ్లను ఫలానా బాబు అంటారు. హైదరాబాద్ నుంచి చేరినాయనకు తనను చిన్నపిల్లాడిలా పిలిచినట్టు అనిపిస్తుంది. కొత్తవారికి పంపే పలకరింపులో "ఇక్కడ అందరినీ మీరు, గారు అంటాం" అని ఒక వాక్యం కలపండి. మాస్టారికి విడిగా ఫోన్ చేసి చెప్పండి. రాతలో ఇలాంటివి సర్దుకోవు.

ప్రశ్న: రక్తం కావాలని మెసేజ్ వస్తుంది, అందరం పరుగులు పెడతాం. తీరా ఫోన్ చేస్తే అది మూడేళ్ల కిందటిది. ఎక్కువగా కొత్తవాళ్లే పెడుతున్నారు. వద్దని ఎలా అంటాం, ప్రాణం విషయం కదా? (బరంపురం)

వద్దనకండి. ఎలా పెట్టాలో ఒక నమూనా ఇవ్వండి, అందులో మొదటి మాట తేదీ కావాలి:

"తేదీ, టైము. రోగి రక్తపు గ్రూపు. ఎన్ని యూనిట్లు, రక్తమా ప్లేట్‌లెట్లా. ఆసుపత్రి పూర్తి పేరు, ఊరు, వార్డు. ఎప్పటిలోగా కావాలి. రోగి వెంట ఉన్నవారి నంబరు. దొరకగానే ఈ మెసేజ్ తీసేస్తాను."

ఆసుపత్రి పేరు దగ్గర మన గ్రూపులకు ప్రత్యేకంగా ఓ ఇబ్బంది ఉంది. "మెడికల్ కాలేజీలో" అని రాస్తే ఏ కాలేజీ? బరంపురంలో ఒకటుంది, కోరాపుట్‌లో ఒకటుంది, సరిహద్దు దాటితే శ్రీకాకుళంలో, విశాఖలో ఉన్నాయి. సభ్యులు అటూ ఇటూ ఉన్నప్పుడు ఊరి పేరు లేని అభ్యర్థన సగం మందిని తప్పుదారి పట్టిస్తుంది. ప్లేట్‌లెట్లా, రక్తమా అన్నదీ తప్పక రాయాలి. ప్లేట్‌లెట్లు నిలవుండేది 5 రోజులే, కాబట్టి దాతలు అప్పటికప్పుడు కావాలి. ఎర్రకణాలను 35 నుంచి 42 రోజులు నిలవ చేస్తారు కనుక ముందు రక్తనిధిలో అడిగి చూడొచ్చు.

పెట్టేముందు ఆ నంబరుకు తానే ఫోన్ చేసి "ఇంకా కావాలా?" అని అడిగినవారే గ్రూపులో పెట్టాలి. ఈ ఒక్క నియమంతో పాతవన్నీ దాదాపు ఆగిపోతాయి. మెసేజ్ పైన రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చినది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటివాటిని వాట్సాప్ ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తోంది. నిన్న రాత్రి ఆసుపత్రిలో చేరిన మనిషి కోసం రాసిన మాటకు రెండు బాణాలు ఉండే అవకాశం తక్కువ.

ముందుకొచ్చే దాతలకూ ఒక మాట: వయసు 18 నుంచి 65, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉండాలి. మగవారికి రెండు దానాల మధ్య 90 రోజులు, ఆడవారికి 120 రోజులు ఆగాలి. ఇది కూడా పిన్ చేసి పెట్టుకుంటే రాయగడ నుంచి అన్ని గంటలు ప్రయాణం చేసి వెళ్లినవారిని రక్తనిధి వెనక్కి పంపే పని ఉండదు.

ప్రశ్న: కొత్తగా చేరిన ఒకతను రెండు మతాల మధ్య చిచ్చు పెట్టే వీడియో పెట్టాడు. అడ్మిన్‌నైన నన్ను జైల్లో వేస్తారా? (చంద్రపూర్)

మీ జిల్లా బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం కిందికి వస్తుంది. 2021లో గోందియా జిల్లా కేసులో ఆ ధర్మాసనమే తేల్చింది: సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటుకోదు, ఇద్దరికీ ముందే అనుకున్న ఉద్దేశం ఉంటే తప్ప. 2022లో కేరళ హైకోర్టు కూడా ఇలాగే చెప్పింది. ఎవరేం పెడతారో ముందే ఆపే శక్తి అడ్మిన్‌కు లేదన్నది అందులో ముఖ్యమైన తర్కం. పెట్టాక తీసేసే శక్తి మాత్రం 2022 నుంచి వాట్సాప్ అడ్మిన్‌లకు ఇచ్చింది. ఉన్న మీటను నొక్కకుండా చూస్తూ కూర్చోవడం మంచిది కాదు.

చేయాల్సిన వరస ఇది. మొదట స్క్రీన్‌షాట్ తీసుకోండి, నంబరూ టైమూ కనిపించేలా. తర్వాత ఆ వీడియో మీద నొక్కి పట్టి అందరికీ కనిపించకుండా తీసేయండి. తర్వాతే ఆ మనిషిని తొలగించండి. గ్రూపులో రెండు వాక్యాలు రాయండి: ఏం తీశారో, ఎందుకో. మాటలు పెరుగుతుంటే కొన్ని గంటలపాటు అడ్మిన్‌లు మాత్రమే రాసేలా మార్చండి. ఉద్రిక్తత ఉన్న రోజుల్లో జిల్లా అధికారులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద (పాత 144) ఆదేశాలు ఇస్తుంటారు, వాటిలో గ్రూపుల ప్రస్తావన ఉందేమో చూసుకోండి. పోలీసు నోటీసు చేతికొస్తే మాత్రం మా జవాబు చాలదు, వకీలు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: కొత్తాయనకు నిబంధన గుర్తు చేశాం, మర్యాదగానే. ఆయనతో పాటు ఇంకో నలుగురు చెప్పకుండా వెళ్లిపోయారు. ఇంత సున్నితమైతే ఎలా? (జయపురం)

ఎక్కడ గుర్తు చేశారన్నది మీరు రాయలేదు. గ్రూపులోనే అయుంటుంది. మూడు వందల మంది ముందు చెప్పిన మర్యాద మాట కూడా మందలింపే. చివర నవ్వు ముఖం బొమ్మ పెడితే ఇంకా కాలుతుంది.

మొదటిసారి విడిగా, అదే రోజు, ఒక్క విషయమే చెప్పండి: "నమస్తే అండీ. ఉదయం మీరు పెట్టిన ప్లాట్ ప్రకటన తీసేశాను. మన దగ్గర ప్రకటనలు ఆదివారం పెట్టుకుంటాం, ఈ ఆదివారం తప్పకుండా పెట్టండి." ఇందులో మీరెవరు, నిబంధన చదవలేదా, ఎన్నిసార్లు చెప్పాలి వంటివి ఏవీ లేవు. రెండోసారీ విడిగానే, కాకపోతే ఇది రెండోసారి అని చెప్పండి. మూడోసారి తొలగిస్తూ, మళ్లీ చేరాలంటే ఏం చేయాలో చెప్పండి. మోసం, అశ్లీలం, బెదిరింపు అయితే ఈ మెట్లేవీ అక్కర్లేదు, వెంటనే బయటికి.

మీ గ్రూపులో అసలు సమస్య కొత్తాయన కాకపోవచ్చు. అడ్మిన్ కాకపోయినా ప్రతివారినీ దిద్దే ఇద్దరు ముగ్గురు పాతవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. వాళ్లతోనూ విడిగానే మాట్లాడండి. వెళ్లిపోయినవారి సంగతి: 2022 నుంచి ఎవరైనా వెళితే ఆ కబురు అడ్మిన్‌లకే వస్తుంది. గత 60 రోజుల్లో వెళ్లినవారి పేర్లు సభ్యుల పట్టీ కింద ఉంటాయి. ఆ నలుగురికీ ఫోన్ చేయండి. తిరిగి రమ్మని కాదు, ఎందుకు వెళ్లారో వినడానికి.

ప్రశ్న: నేను పెళ్లయి ఈ మధ్యే రాయగడ వచ్చాను. ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపులో చేర్చారు. ఎప్పుడు మాట్లాడాలో, ఏం అడగొచ్చో తెలియడం లేదు.

ఇంటర్నెట్ మర్యాదల మీద 1995లో వచ్చిన ఒక మార్గదర్శిలో, నోరు విప్పేముందు ఒకటి రెండు నెలలు ఊరికే చదవమని ఉంది. వాట్సాప్‌లో అంత అక్కర్లేదు, ఒక వారం చాలు. ఎవరు ఎప్పుడు మాట్లాడతారు, దేనికి నవ్వుతారు, దేనికి ముడుచుకుంటారు అన్నది ఆ వారంలో తెలిసిపోతుంది.

అడిగేటప్పుడు "హాయ్" ఒకటి, "ఒక సందేహం" ఒకటి, "ఎవరైనా చెప్తారా" ఒకటి అని ముక్కలు చేయకుండా మొత్తం ఒకే మెసేజ్‌లో రాయండి. "పిల్లల డాక్టరు ఉన్నారా" కన్నా "రాయగడ స్టేషన్ దగ్గర, సాయంత్రం 6 తర్వాత చూసే పిల్లల డాక్టరు ఎవరు" అంటే పనికొచ్చే జవాబు వస్తుంది. అంతకుముందు గ్రూపులో వెతుకు అనే చోట "డాక్టరు" అని కొట్టి చూడండి, మీరు చేరాక వచ్చిన జవాబైతే దొరుకుతుంది. ఎవరికి జవాబిస్తున్నారో ఆ మెసేజ్‌ను పక్కకు జరిపి దాని కిందే రాయండి. తప్పు పడితే 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. పని అయ్యాక ఏమైందో ఒక మాట చెప్పండి. రేపు అదే ప్రశ్న అడిగేవారికి అదే జవాబు.

మీ నంబరు గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. పరిచయం లేనివారెవరైనా విడిగా మెసేజ్‌లు పెడితే జవాబివ్వాల్సిన మొహమాటం లేదు. నంబరు బ్లాక్ చేసి అడ్మిన్‌కు చెప్పండి. గ్రూపు నుంచి ఆడవాళ్ల నంబర్లు తీసుకుని పలకరింపులు పంపేవారికి మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అంటూ ఉండకూడదన్నది మా అభిప్రాయం.

ప్రశ్న: చేరిన గంటకే ఒకరు పెళ్లి శుభలేఖ పంపారు. పేరు చివర ఏపీకే అని ఉంది. తెరవొచ్చా? (సిరొంచ)

తెరవకండి. శుభలేఖ బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే ఫోన్‌లో కొత్త యాప్ ఎక్కించే ఫైలు. దాని ద్వారా మీకు వచ్చే ఓటీపీలు అవతలివాళ్ల చేతికి పోతాయి. గ్రూపులో వెంటనే తీయించండి. ఎవరైనా ఇప్పటికే నొక్కి ఉంటే ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. పంపినది సభ్యుడి నంబరే అయినా తిట్టడానికి తొందరపడకండి. అతని ఫోన్ కూడా ఇలాగే పోయి ఉండొచ్చు.

ప్రశ్న: గ్రూపుకు అడ్మిన్‌ను నేనొక్కణ్ణే. ఇంకెవరినీ చేయాలని లేదు, గొడవలు వస్తాయి. (మల్కన్‌గిరి)

మీరొక్కరే ఉండి, పొరపాటున గ్రూపు నుంచి బయటికి వచ్చారనుకోండి, వాట్సాప్ మిగిలినవారిలో ఎవరో ఒకరిని అడ్మిన్ చేసేస్తుంది. అది నిన్న చేరినవారు కూడా కావచ్చు. కనీసం ముగ్గురు ఉండండి: రాత్రి మెలకువగా ఉండేవారు ఒకరు, ఒడియా చదవగలిగినవారు ఒకరు, కొత్తవాళ్లతో ఫోన్‌లో ఓపికగా మాట్లాడేవారు ఒకరు. మీరు సిమ్ మార్చేటప్పుడు ఖాతా సెట్టింగ్స్‌లో నంబరు మార్చు అన్న దారినే వెళ్లండి. అప్పుడు గ్రూపులు మీ కొత్త నంబరు మీదికి వస్తాయి.